సైకిలు, సెల్లోటేపు, సీసం పెట్టె: గొప్ప పనుల వెనక వస్తువులను మ్యూజియం ఎలా నిలబెడుతుంది (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రపంచాన్ని మార్చిన ఆవిష్కరణలంటే సిద్ధాంతాల గురించి చెబుతారని వచ్చినవాళ్ళు కొంచెం సర్దుకోవాలి. ఇవాళ నేను మాట్లాడేది సైకిలు టైర్లు, జిగురు టేపు, కళ్ళజోడు ఫ్రేములు, గదిలో తేమ, లేబుల్ మీద రాసే మాటల గురించి. ఆవిష్కరణ చేసిన మనిషి వాడిన మామూలు వస్తువు మ్యూజియం తలుపు దాటి లోపలికి వచ్చాక దానికి ఏం జరుగుతుంది, ఏం జరగకూడదు అన్నదే విషయం.

స్టాక్‌హోమ్ పాతపట్నంలో స్టోర్‌టోర్యెట్ అని ఒక చౌరస్తా ఉంది. అక్కడ 1770లలో కట్టిన పాత స్టాక్ ఎక్స్ఛేంజి భవనం ఉంది. పై అంతస్తులో సాహిత్య నోబెల్ బహుమతిని నిర్ణయించే స్వీడిష్ అకాడమీ కూర్చుంటుంది. కింద, నోబెల్ బహుమతులు మొదలై నూరేళ్ళయిన సందర్భంగా, 2001లో నోబెల్ మ్యూజియం తెరిచారు. ప్రతి ఏడాదీ డిసెంబరు 10న బహుమతి ప్రదానం. దానికి ముందు రోజుల్లో గ్రహీతలు ఈ మ్యూజియానికి వస్తారు. తమ పనికి సంబంధించిన వస్తువొకటి తెచ్చి ఇవ్వడం ఆనవాయితీ. అక్కడి ఫలహారశాలలో కుర్చీని తిరగేసి దాని అడుగున సంతకం చేయడం ఇంకో ఆనవాయితీ. ఆ కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగేవాళ్ళకు తమ కింద ఎవరి సంతకం ఉందో వంగి చూసుకోవడమే ఒక సరదా.

ఇలా చేరిన వాటిలో అందరికీ తెలిసింది అమర్త్య సేన్ సైకిలు. ఆయనకు 1998లో అర్థశాస్త్రంలో బహుమతి వచ్చింది. ఆయన దీర్ఘకాలిక అరువుగా ఇచ్చినవి రెండు: ఆర్యభటుడి గణిత గ్రంథం ఆర్యభటీయం ప్రతి ఒకటి, బడి రోజుల నుంచి తొక్కిన సైకిలు ఒకటి. ప్రదర్శన దేశాలు తిరుగుతుంటే, ఆర్యభటుడికీ సైకిలుకూ ఏమిటి సంబంధం అని జనం ఆయన్ని అడుగుతూ ఉండేవాళ్ళు. ‘చాలా ఉంది’ అన్నది ఆయన జవాబు. 1943 బెంగాల్ కరువును పరిశోధించే రోజుల్లో పాత గిడ్డంగులకూ పొలాల దగ్గరి కొట్టాలకూ వెళ్ళి కూలిరేట్లు, ధరల లెక్కలు పోగుచేయడానికి ఆ సైకిలు వాడారు. తర్వాత శాంతినికేతన్ చుట్టుపక్కల పల్లెలకు తూకం యంత్రం మోసుకెళ్ళడానికీ అదే. అయిదేళ్ళలోపు ఆడపిల్లలనూ మగపిల్లలనూ తూచి, ఆడపిల్లలు ఎక్కడ, ఎప్పటినుంచి వెనకబడుతున్నారో చూడటం ఆ పని.

దీనిలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, రెండు వస్తువుల్ని పక్కపక్కన పెడితే చూసేవాళ్ళు వాటి మధ్య సంబంధం వెతుక్కుంటారు. మనం రాయకపోతే వాళ్ళే ఒకటి కల్పించుకుంటారు. రెండోది నా అసలు మాట. ఆ సైకిలు పాత ఇనుముగా తూకానికి వేస్తే పెద్దగా రాదు. దాని విలువంతా ‘ఇదే సైకిలు, ఈ మనిషి, ఈ పని’ అన్న ముడిలో ఉంది. ముడి తెగితే అది ఒక పాత సైకిలు మాత్రమే. మ్యూజియంలో మేం చేసే పనులన్నీ, కడగకపోవడం దగ్గర్నుంచి కాగితాలు నింపడం దాకా, ఆ ముడి తెగకుండా చూసేవే. గాజుపెట్టె, దీపాలు తర్వాతి సంగతి.

వస్తువు వచ్చే రోజుతో మొదలుపెడదాం. ఇచ్చేవాళ్ళు అది దానమో అరువో మొదటే తేల్చాలి. దానమైతే ఇరువైపులా సంతకాలున్న దానపత్రం ఉండాలి. దానిలో ఫొటోలు వాడుకునే హక్కు, ఎప్పటికైనా మ్యూజియం ఆ వస్తువును వదులుకోవాల్సి వస్తే ఏం చేయాలన్నది స్పష్టంగా ఉండాలి. అరువైతే యజమాని అనుమతి లేకుండా మరమ్మతు చేయకూడదు, పరీక్షకు చిన్న ముక్క కూడా గిల్లకూడదు, గడువు ఎప్పుడు ముగుస్తుందో రాసుండాలి. మాటమీద తీసుకున్నవే తర్వాత వారసుల మధ్య తగాదాల్లో చిక్కుకుంటాయి. పెద్దమనిషి ఇచ్చాడు కదా, కాగితం అడిగితే బాగోదు అని మొహమాటపడటం ఈ వృత్తిలో అన్నిటికన్నా ఖరీదైన అలవాటు.

ఇచ్చే మనిషి ఎదురుగా ఉన్నప్పుడే కెమెరా పెట్టి అడగాలి. ఇది ఎప్పుడు కొన్నారు? మీరొక్కరే వాడారా, ల్యాబులో అందరూ వాడారా? ఏ భాగాలు మార్చారు? దీనికి సంబంధించిన ఫొటో, నోటుబుక్కు పేజీ ఏదైనా ఉందా? ఇన్నింటిలో ఇదే ఎందుకు ఎంచుకున్నారు? పావుగంట చాలు. ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కోసారి వస్తువు కన్నా విలువైనది. ఆ మనిషి పోయాక ఆ జవాబు ఇంకెవరూ చెప్పలేరు.

ఆ తర్వాత వస్తువు నేరుగా నిల్వగదిలోకి పోదు. వేరే గదిలో తెల్లకాగితం పరిచి దాని మీద విప్పుతారు. కాగితం మీద సన్నటి పొడి, రెక్కల ముక్కలు, పురుగు విడిచిన పెంకులు రాలితే పుస్తకాలు, ఉన్నిబట్టలు ఫ్రీజర్‌కు పోవాలి. పాలిథీన్ సంచిలో గాలి వీలైనంత తీసేసి, మూతి గట్టిగా మూసి, మైనస్ 30 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచుతారు. మామూలు ఫ్రీజర్ మైనస్ 20 దాకానే పోతే కనీసం వారం, మందపాటి వస్తువుకు రెండు వారాలు. ఇక్కడ జరిగే పొరపాటు బయటికి తీసిన వెంటనే సంచి విప్పడం. చల్లటి వస్తువు మీద గదిలోని తేమ నీళ్ళుగా దిగుతుంది, సిరా పాకుతుంది, లోహం తుప్పుపడుతుంది. సంచి బయట చెమ్మ పూర్తిగా ఆరి, లోపలిది గది వేడికి వచ్చేదాకా, అంటే ఒక రోజు, దాన్ని ముట్టుకోకూడదు. ఇంకో హెచ్చరిక: అన్నీ ఫ్రీజర్‌లో పెట్టేవి కావు. రంగులు వేసిన చెక్క, గాజుతో కలిసిన లోహం, కొన్ని ప్లాస్టిక్కులు ఆ చలికి పగులుతాయి.

తర్వాత నమోదు సంఖ్య. ఏడాది, ఆ ఏడాదిలో ఎన్నో చేర్పు, ఆ చేర్పులో ఎన్నో వస్తువు అన్న వరుసలో ఉంటుంది. డబ్బాకు మూత ఉంటే ఒకే సంఖ్యకు అ, ఆ అని చేర్చాలి, లేకపోతే పదేళ్ళ తర్వాత మూత ఒక అరలో, డబ్బా ఇంకో అరలో దొరుకుతాయి. సంఖ్యను వస్తువు మీద రాయడానికి లోహానికి, గాజుకు పారలాయిడ్ బి-72 అనే రెజిన్‌ను అసిటోన్‌లో కరిగించి పల్చటి పూత వేస్తారు. ఆరాక దాని మీద సిరాతో సంఖ్య, ఆపై ఇంకో పూత. రేపు కావాలంటే అసిటోన్‌తోనే తుడిచేయొచ్చు. ప్లాస్టిక్ మీద ఇది వేయకూడదు, అసిటోన్ దాన్ని కరిగిస్తుంది; దానికి దారంతో చీటీ కట్టడమే. బట్టకు నూలు పట్టీ మీద రాసి నాలుగు కుట్లు వేయాలి. కాగితానికి మెత్తటి పెన్సిల్. పాత సంగ్రహాల్లో గోళ్ళరంగు మీద రాసిన సంఖ్యలు, అంటించిన స్టిక్కర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. గోళ్ళరంగు పసుపెక్కి పెచ్చులూడుతుంది, దాంతోపాటు సంఖ్యా పోతుంది. సంఖ్య లేని వస్తువు అనాథ.

ఇప్పుడు లేబుల్ మాటలు. ఇది కొంచెం నింపాదిగా చెబుతాను, ఎందుకంటే అబద్ధం ఎవరూ కావాలని చెప్పకుండానే ఇక్కడే పుడుతుంది. ‘ఆయన వాడినది’ వేరు, ‘ఆయన వాడిన రకం’ వేరు, ‘ఆయనే తర్వాత చేసింది’ వేరు, ‘నమూనా’ వేరు. నాలుగూ ప్రదర్శనకు పనికొస్తాయి, కాని ఒకదాని స్థానంలో ఇంకోటి రాయకూడదు.

ఉదాహరణకు అలెగ్జాండర్ ఫ్లెమింగ్. 1928లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఆయన పళ్ళెం మీద పడిన బూజు నుంచే పెన్సిలిన్ కథ మొదలైంది. పేరు వచ్చాక ఆయన అదే బూజును పెంచి, గాజుబిళ్ళల మధ్య అదిమి, సంతకం చేసి చాలామందికి కానుకలుగా ఇచ్చారు. అవి వేలంలోకి వస్తుంటాయి. అవి ఆయన చేతివే, నకిలీలు కావు. కాని అవి 1928 నాటి పళ్ళెమూ కావు. లేబుల్ మీద ‘పెన్సిలిన్‌ను ఇచ్చిన బూజు’ అని క్లుప్తంగా రాస్తే చదివేవాడికి ఆ మొదటి పళ్ళెమే గుర్తొస్తుంది. ‘ఫ్లెమింగ్ తర్వాతి కాలంలో పెంచి కానుకగా ఇచ్చినది’ అని నాలుగు మాటలు ఎక్కువ రాయాలి.

వాట్సన్, క్రిక్‌లు 1953లో కట్టిన డీఎన్ఏ నమూనా పరిస్థితి ఇంకా చిత్రం. పని అయ్యాక దాన్ని విప్పేశారు. దానిలోని కొన్ని లోహపు పలకలు చాలా ఏళ్ళకు దొరికితే, వాటిని చేర్చి మళ్ళీ కట్టారు. లండన్ సైన్స్ మ్యూజియంలో ఉన్నది అది. పలకలు కొన్ని అసలువి, నిర్మాణం తర్వాతిది. అలాగే 1947లో బెల్ ల్యాబ్స్‌లో చేసిన మొదటి ట్రాన్సిస్టర్: ప్లాస్టిక్ ముక్కోణం అంచుకు బంగారు రేకు చుట్టి, కొన దగ్గర దాన్ని సన్నగా కోసి, స్ప్రింగుతో జెర్మేనియం ముక్కకు అదిమి పెట్టింది. దాని నకళ్ళు ప్రపంచమంతటా ఉన్నాయి. చాలామంది ఫొటో తీసుకుని అసలుదే చూశామనుకుని వెళ్తారు. ‘నకలు’ అన్న మాట లేబుల్ చివరి వరుసలో చిన్నక్షరాల్లో వేసిన పాపం అది.

పతకాల విషయంలో నాకో అభిప్రాయం ఉంది, కొందరికి నచ్చదు. నోబెల్ పతకం ప్రదర్శనలో అన్నిటికన్నా తక్కువ చెప్పే వస్తువు. వ్యాసం 66 మిల్లీమీటర్లు, బరువు సుమారు 175 గ్రాములు, 18 క్యారట్ల బంగారం. 1980కి ముందువి 23 క్యారట్లవి, మరికాస్త బరువు. ఒక విభాగంలో పతకాలన్నీ ఒకే అచ్చు, పేరు మాత్రమే తేడా. పని గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు, పైగా కాపలా ఖర్చు మొత్తం దానికే. రవీంద్రనాథ్ ఠాగూర్ పతకం 2004 మార్చిలో శాంతినికేతన్‌లోని మ్యూజియం నుంచి దొంగలపాలైంది. తర్వాత నోబెల్ ఫౌండేషన్ నకళ్ళు ఇచ్చింది. పతకం పెట్టాలనుకుంటే నకలు పెట్టండి, ‘నకలు’ అని పెద్దగా రాయండి, మిగిలిన డబ్బు తేమ నియంత్రణకు ఖర్చుపెట్టండి.

ఒక పతకానికి మాత్రం నేను మినహాయింపు ఇస్తాను. 1940లో నాజీ సైన్యం కోపెన్‌హాగెన్‌లోకి వచ్చినప్పుడు నీల్స్ బోర్ సంస్థలో జర్మన్ భౌతికశాస్త్రవేత్తలు మాక్స్ ఫాన్ లావె, జేమ్స్ ఫ్రాంక్‌ల పతకాలు దాచి ఉన్నాయి. జర్మనీ నుంచి బంగారం బయటికి పంపడం నేరం, పతకాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. అక్కడ పనిచేసే రసాయనశాస్త్రవేత్త జార్జ్ డి హెవెసీ వాటిని ఆక్వా రీజియాలో, అంటే మూడు వంతులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక వంతు నత్రికామ్లం కలిపిన ద్రావణంలో కరిగించేశాడు. ఆ సీసా ల్యాబు అరలో యుద్ధం ముగిసేదాకా ఎవరి కంటా పడకుండా ఉంది. తర్వాత బంగారాన్ని వేరుచేసి పంపితే పతకాలు మళ్ళీ పోత పోశారు. ఫ్రాంక్‌కు 1952లో అందింది. అది అసలుదా, నకలా? లోహం అదే, అచ్చు తర్వాతిది. మామూలు పతకం చెప్పలేని మాట ఇది చెబుతుంది. అయితే ఆ కథ లేబుల్ మీద లేకపోతే ఇదీ మిగతా పతకాల్లాంటిదే.

సరే, వస్తువుల ఒంటి సంగతికి వద్దాం. సైకిలునే తీసుకుందాం. మొదటి నియమం: కడగొద్దు. చెయిన్ మీద గట్టిపడిన నూనె, మడ్‌గార్డ్ లోపలి మట్టి, హ్యాండిల్ మీద అరిగిన చోటు, ఇవన్నీ సాక్ష్యాలు. మెత్తటి బ్రష్‌తో పైదుమ్ము లేపి, మూతికి వల కట్టిన వ్యాక్యూమ్‌తో తక్కువ లాగుడు మీద తీయడం వరకే. తుప్పు పెరుగుతుంటే ఆ చోట మాత్రం మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రాస్తారు. తోలు సీటుకు నూనె పట్టించాలని చాలామందికి చెయ్యి దురద. అది వద్దు. నూనె లోపలికి పోయి తోలు నల్లబడుతుంది, దుమ్ము అంటుకుంటుంది, బూజు పడుతుంది.

టైర్లు అసలు తలనొప్పి. రబ్బరు సాగి ఉన్న చోట గాలిలోని ఓజోన్ తగిలి అడ్డంగా పగుళ్ళు వస్తాయి. సైకిలు బరువు ఏళ్ళ తరబడి ఒకే చోట పడితే టైరు చదునై అక్కడే చీలుతుంది. అందుకే ఫ్రేమును అడుగు నుంచి ఎత్తిపట్టే స్టాండు చేయిస్తారు. చక్రాలు నేలకు తాకినట్టు కనిపిస్తాయి, బరువు మాత్రం వాటి మీద ఉండదు. గాలి పూర్తిగా కొట్టరు, పూర్తిగా తీయరు. ఆకారం నిలిచేంత చాలు. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు గంధకపు ఆవిర్లు వదులుతుంది కాబట్టి, వెండి వస్తువును అదే గాజుపెట్టెలో పెడితే నల్లబడుతుంది. టైరు పూర్తిగా పాడైతే కొత్తది వేస్తారా అని అడుగుతారు. ప్రదర్శనకు వేయొచ్చు, కాని పాతదాన్ని అదే సంఖ్యతో దాచాలి, లేబుల్ మీద ‘టైర్లు కొత్తవి’ అని రాయాలి.

ఇంకో మామూలు వస్తువు జిగురు టేపు. ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్‌లకు 2010లో భౌతికశాస్త్ర బహుమతి వచ్చింది. వాళ్ళు స్టాక్‌హోమ్ మ్యూజియానికి ఇచ్చినవి మూడు: ఒక గ్రాఫైట్ ముద్ద, ఒక గ్రాఫీన్ ట్రాన్సిస్టర్, ఒక టేపు డిస్పెన్సర్. పని ఇలా జరిగింది. గ్రాఫైట్ రేకును టేపుకు అంటించి, టేపును మడిచి విప్పుతూ పోతే పొరలు చీలి పల్చబడతాయి. అలా చాలాసార్లు చేశాక టేపును సిలికాన్ పలక మీద అదిమి లాగేస్తే పలక మీద రేకులు మిగులుతాయి. వాటిలో ఎక్కడో ఒక్క పరమాణువు మందం పొర ఉంటుంది, గ్రాఫీన్ అంటే అదే. దాన్ని కనిపెట్టడమే కష్టం. పలక మీద సిలికాన్ ఆక్సైడ్ పూత 300 నానోమీటర్లు ఉంటే కాంతి వ్యతికరణం, అంటే కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలవడం వల్ల ఆ ఒంటిపొర మామూలు మైక్రోస్కోపులో లేతనీడలా కనిపిస్తుంది. పూత 315 అయితే దాదాపు కనిపించదు. కంటికి కనపడే తేడా అంత సన్నటి దారం మీద వేలాడింది.

ప్రదర్శన దృష్టితో చూస్తే ఈ మూడింటిలో టేపుదే కథ, టేపుదే గొడవ. జిగురు కాలక్రమంలో మొదట మెత్తబడి అంచుల నుంచి కారుతుంది, తర్వాత గట్టిపడి పసుపెక్కుతుంది. చుట్ట ఒక్కో పొరా కిందిదానికి అతుక్కుపోతుంది. వేడి తగ్గిస్తే ఇది నెమ్మదిస్తుంది, ఆగదు. అందుకే వచ్చిన రోజే అన్ని వైపుల నుంచి రంగు పట్టీతో, కొలబద్దతో ఫొటోలు తీయాలి. ముప్పై ఏళ్ళకు దాని అసలు రంగు ఆ ఫొటోలోనే ఉంటుంది. చుట్ట కింద సిలికాన్ పూత ఉన్న కాగితం వేయాలి. కాగితం వస్తువులేవీ దానితో ఒకే పెట్టెలో పెట్టకూడదు. ట్రాన్సిస్టర్ సంగతి వేరు: అది పాడవదు, కాని చూసేవాడికి కనపడదు. పెద్దచేసిన ఫొటోను గోడ పైభాగాన కాకుండా వస్తువు పక్కనే, అదే ఎత్తులో పెట్టాలి. కన్ను ఒకదాని నుంచి ఇంకోదానికి నేరుగా జరగకపోతే జనం ఫొటో చూసి వెళ్ళిపోతారు, వస్తువును చూడరు.

ప్లాస్టిక్కుల్లో నాలుగు దొంగలున్నాయి: సెల్యులోజ్ నైట్రేట్, సెల్యులోజ్ అసిటేట్, పీవీసీ, పాలియురెథేన్ నురుగు. పాత కళ్ళజోళ్ళ ఫ్రేములు చాలావరకు మొదటి రెండింటితో చేసినవి. నైట్రేట్ ఆమ్లపు ఆవిర్లు వదిలి తన బందులనే తినేస్తుంది. అసిటేట్ పాడవుతుంటే వెనిగర్ వాసన వస్తుంది. నీలంరంగు పరీక్ష పట్టీ పక్కన పెడితే ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు మారుతుంది. ఇలాంటివాటిని గట్టిగా మూసిన డబ్బాలో పెడితే ఆవిరి లోపలే తిరిగి పాడవడం ఇంకా వేగమవుతుంది. గాలాడాలి, చల్లగా ఉండాలి, ఇతర వస్తువులకు దూరంగా ఉండాలి. హెడ్‌ఫోన్ల మెత్తలు, బూట్ల అడుగులు నురుగుతో చేసినవైతే ఎవరూ ముట్టుకోకపోయినా పొడిగా రాలుతాయి.

కాంతి గురించి రెండు మాటలు. బట్ట, సిరా, కాగితం మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించకూడదంటారు. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు వేసుకుంటే 1,20,000 లక్స్ గంటలు. నేరుగా పడే ఎండ సుమారు లక్ష లక్స్. అంటే కిటికీలోంచి ఎండ గంటంబావు సేపు పడితే ఏడాది మోతాదు అయిపోయింది, అతినీలలోహిత కిరణాల నష్టం అదనం. ఈ నష్టం కూడుతూ పోతుందే తప్ప రాత్రి దీపాలార్పితే తగ్గదు. అందుకే చేతిరాత పేజీలను మూణ్ణాలుగు నెలలు చూపించి, పేజీ మార్చడమో నకలు పెట్టడమో చేస్తారు.

గాజుపెట్టె కూడా నేరస్థుడే కావచ్చు. ఓక్ చెక్క, చెక్కనారను జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలక ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి. సీసం వస్తువు మీద తెల్లటి పొడి లేస్తుంది. పతకాల కింద అందంగా పరిచే ఉన్ని ఫెల్ట్ వెండిని నల్లబరుస్తుంది. అందుకే పెట్టెలో వాడే ప్రతి పదార్థాన్నీ ముందు ఆడీ పరీక్షకు పెడతారు. పదార్థం ముక్కను వెండి, రాగి, సీసం రేకులతో కలిపి, కాస్త నీళ్ళతో, మూసిన గొట్టంలో 60 డిగ్రీల దగ్గర 28 రోజులు ఉంచుతారు. రేకులు మెరుస్తూ బయటికొస్తే పదార్థం వాడొచ్చు. ప్రారంభోత్సవానికి పది రోజుల ముందు డిజైనర్ కొత్త బట్ట తెస్తే ఈ పరీక్షకు వ్యవధి ఉండదు. అప్పుడు ‘వద్దు’ అనగలిగే మనిషి ఒకరు ఉండాలి.

మేరీ క్యూరీ నోటుబుక్కులు వేరే జాతి. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో సీసం పూత పెట్టెల్లో ఉంటాయి. వాటికంటిన రేడియోధార్మిక రేడియం-226 సగం కావడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. రేడియం ఉన్న ఏ వస్తువైనా గాజుపెట్టెలో బిగించి పెడితే ఇంకో చిక్కు. రేడియం నుంచి రేడాన్ వాయువు పుట్టి లోపల పేరుకుంటుంది. మిగతా వస్తువులకు మేలు చేసే గట్టి మూత ఇక్కడ కీడు. పెట్టె తెరిచేవాళ్ళు ముందు గాలి మార్చాలి, రేడియేషన్ కొలిచే పరికరం పట్టి చూడాలి. పాత ల్యాబు సామాన్లలో ఇలాంటివి చాలా వస్తాయి: పాదరసం థర్మామీటర్లు, ఆస్బెస్టాస్ పలకలు, అడుగున ఏదో ఎండిపోయిన సీసాలు. సీసాలో ఏముందో ఇచ్చేవాళ్ళను అడక్కుండా మూత తీయకూడదు.

రక్తం అంటిన బట్ట గురించి చెప్పి ముగిస్తాను. 2012 అక్టోబరులో దాడి జరిగిన రోజు మలాలా వేసుకున్న బడి దుస్తులను, ఆమెకు బహుమతి వచ్చిన 2014లో ఓస్లోలోని నోబెల్ శాంతి కేంద్రంలో ప్రదర్శించారు. ఇలాంటి బట్టను ఉతకరు, ఇస్త్రీ చేయరు, మడతపెట్టరు. మరక ఉన్నచోట నూలు పెళుసుబారుతుంది, మడత పడితే అక్కడే చిట్లుతుంది. ఆమ్లం లేని టిష్యూ కాగితాన్ని మెత్తటి చుట్టలుగా చేసి చేతుల్లో, భుజాల్లో పెట్టి, వాలుపలక మీద పరుస్తారు. బొమ్మకు తొడిగితే బరువంతా భుజాల మీద పడుతుంది. అంతకన్నా పెద్ద ప్రశ్న, మరకను ఎదురుగా పెట్టాలా, వెలుతురు తగ్గించాలా, ముందే హెచ్చరిక రాయాలా అన్నది. ఇది ఇచ్చినవాళ్ళతో కూర్చుని తేల్చాలి. క్యూరేటర్ ఒక్కరే తేల్చేది కాదు.

ఇప్పుడు ప్రశ్నలు.

ప్రశ్న: వస్తువులు ఊళ్ళు తిరిగేటప్పుడు బీమా ఎలా చేస్తారు? పాత సైకిలుకు ధర ఎలా కడతారు?

బజారు ధర కట్టరు. ఇచ్చినవాళ్ళూ తీసుకునేవాళ్ళూ ముందే ఒప్పుకున్న మొత్తం పత్రంలో రాస్తారు. ఇక్కడి అరలోంచి తీసిన క్షణం నుంచి మళ్ళీ ఇదే అరలో పెట్టేదాకా బీమా ఉండాలి. లారీలో ఉన్నంతసేపే అని రాసిన పత్రాలు పనికిరావు. చాలా నష్టాలు ఎక్కించేటప్పుడూ విప్పేటప్పుడూ జరుగుతాయి. పెట్టె చేరాక 24 గంటలు తెరవకుండా ఆ గదిలోనే ఉంచాలి. తెరిచాక పాత ఫొటోలతో ఒక్కో గీతా పోల్చి, ఇద్దరూ సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే కొత్త గీత ఎవరి ఖాతాలో పడుతుందో మీకు తెలుసు.

ప్రశ్న: తెల్లటి చేతి తొడుగులు తప్పనిసరా?

సినిమాల్లో తప్పనిసరి. లోహానికి, ప్లాస్టిక్కుకు నైట్రైల్ తొడుగులు వేస్తారు. నూలు తొడుగుల్లోంచి చెమట దిగుతుంది, దారాలు అంచులకు తగులుకుంటాయి, పట్టు జారుతుంది. పాత కాగితానికి శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరబెట్టుకున్న ఉత్తచేతులే మేలు, పేజీ అంచు వేలికి తెలుస్తుంది.

ప్రశ్న: ఇంట్లో పెద్దవాళ్ళ వస్తువులు దాచుకునేవాళ్ళకు ఏం చెబుతారు?

లామినేషన్ చేయించొద్దు, అది విడదీయడం దాదాపు అసాధ్యం. చిరిగిన ఉత్తరానికి టేపు వేయొద్దు. ప్లాస్టిక్ వస్తువుల దగ్గర కలరా ఉండలు పెట్టొద్దు, ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడతాయి. బయటి గోడకు ఆనకుండా, నేల మీద కాకుండా, ఇంటి మధ్యగదిలో అలమారాలో పెట్టండి. అన్నిటికన్నా ముందు, ఇది ఎవరిది, ఏ పనికి వాడేవాళ్ళు, ఎవరు చెప్పారు అని పెన్సిల్‌తో ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి. ఫొటోల వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాయొద్దు, ముందువైపు గాడి పడుతుంది.

ప్రశ్న: ఇప్పటి శాస్త్రవేత్తలు ల్యాప్‌టాప్ ఇస్తే?

ఇస్తున్నారు, ఇంకా ఇస్తారు. మొదట బ్యాటరీ తీయించాలి. లిథియం బ్యాటరీ వాడకుండా పడి ఉంటే ఉబ్బి పెట్టెను పగలగొట్టవచ్చు, మంట పుట్టవచ్చు. తీసిన బ్యాటరీ ఫొటో, మోడల్ సంఖ్య రిజిస్టరులో రాసి దాన్ని పారేయడమే. తర్వాత డిస్కులో ఉన్నదాన్ని యథాతథంగా నకలు తీయాలి, రెండు చోట్ల దాచాలి. దానికి ముందు ఇచ్చినవాళ్ళతో కూర్చుని ఏది బయటపెట్టొచ్చు, ఏది ఇతరుల ఉత్తరం, ఏది రోగుల సమాచారం అన్నది పత్రంలో రాయించుకోవాలి. ఖాళీ ల్యాప్‌టాప్‌ను గాజుపెట్టెలో పెడితే నల్లటి పలక తప్ప ఏమీ కనపడదు. దాని మీద అరిగిన మీటలు, అంటించిన చీటీలు ఉంటే వాటిని తుడవకుండా ఉంచమని శుభ్రంచేసేవాళ్ళకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి.